వారానికి ఒక షిల్లింగు: 1852 లాకౌట్‌ను తట్టుకున్న యూనియన్ కేస్ స్టడీ

ఒక యూనియన్ ఎంత గట్టిదో తేల్చాల్సి వస్తే నేను ముందుగా అడిగేది చందా పుస్తకం. గేటు మీటింగుకు వచ్చిన జనాన్ని చూసి అంచనా వేసినవాళ్ళు చాలాసార్లు బోల్తాపడ్డారు. బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్నా చితకా ఇంజనీరింగ్ షాపుల యూనియన్లకు లెక్కలు చూడడం, కొత్త కమిటీలకు క్లాసులు చెప్పడం నా పని. ఆ క్లాసుల్లో ఎక్కువగా వాడే కేసు ఇంగ్లండుది: 1851లో పుట్టిన అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్. పేరు పొడుగ్గా ఉంది కాబట్టి ఇకమీద సొసైటీ అంటాను. ఇంజనీర్లంటే అప్పట్లో ఫిట్టర్లు, టర్నర్లు, స్మిత్‌లు, ప్యాటర్న్ మేకర్లు, మిల్‌రైట్లు. చేతికి గ్రీజు అంటే పనివాళ్ళు.

పుట్టిన ఏడాదికే యజమానులు దీన్ని తుడిచిపెట్టాలని చూశారు. మూడు నెలల లాకౌట్‌లో సొసైటీ ఓడిపోయింది. అడిగిన వాటిలో ఒక్కటీ రాలేదు. అయినా మూడేళ్ళు తిరిగేసరికి సభ్యత్వంలో మునుపటి కంటే పెద్దదైంది. ఓడిన సమ్మె తర్వాత యూనియన్ బోర్డు పీకేయడం మనం ఎన్నిసార్లు చూశాం? ఇక్కడ అలా ఎందుకు జరగలేదన్నదే ఈ కేసు. ఆ జవాబు వెనకాలే ఇంకో ప్రశ్న ఉంది, దాని సంగతి చివర్లో.

పాత ఇల్లు

సొసైటీ శూన్యంలోంచి రాలేదు. 1826లో మాంచెస్టర్‌లో ఆవిరి యంత్రాల పనివాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. జనం వాడుకలో అది ఓల్డ్ మెకానిక్స్. అంతకు రెండేళ్ళ ముందు దాకా ఇంగ్లండులో కార్మికులు కూడి జీతం అడగడమే నేరం. ఆ నిషేధ చట్టాలు 1824లో పోయాయి, కానీ భయం పోలేదు. అందుకే ఇలాంటి సంఘాలన్నీ పైకి కష్టసుఖాల సంఘాల్లాగే నడిచేవి. జబ్బు చేస్తే సాయం, చస్తే అంత్యక్రియల ఖర్చు. లోపల మాత్రం జీతం, పనిగంటల మాటే. కేసులూ తప్పలేదు. 1847లో లివర్‌పూల్‌లో ఓల్డ్ మెకానిక్స్ కార్యదర్శి హెన్రీ సెల్స్‌బీ, మరికొందరు సభ్యులు కుట్ర కేసులో బోనెక్కారు.

అప్పటికి ఈ పనుల్లో చిన్న చిన్న సంఘాలు బోలెడు. స్మిత్‌లకొకటి, మిల్‌రైట్లకొకటి, లండన్ వాళ్ళకొకటి. ఒకే షాపులో పక్కపక్క వైస్‌ల దగ్గర నిలబడ్డ ఇద్దరు వేర్వేరు సంఘాల్లో ఉండేవాళ్ళు. వీటిని కలపాలని తిరిగినవాళ్ళు ఇద్దరు. విలియం న్యూటన్ మాటకారి. యూనియన్ పని చేసినందుకు ఫోర్‌మన్ ఉద్యోగం పోగొట్టుకుని, లండన్ తూర్పువైపు పబ్బు నడుపుతూ పత్రికలో రాసేవాడు. విలియం అలన్ ఉత్తర ఐర్లండులో పుట్టిన మెకానిక్, రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాడు, సెల్స్‌బీ తర్వాత ఓల్డ్ మెకానిక్స్ కార్యదర్శి. న్యూటన్ మాట్లాడి ఒప్పిస్తే, అలన్ రాసి నిలబెట్టాడు. ఏ యూనియన్ మొదలైనా ఈ రెండు రకాల మనుషులూ ఉండాలి. మన దగ్గర మొదటిరకానికి కొదవ లేదు.

1850 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లో సమావేశం జరిగింది. 1851 జనవరిలో కొత్త సొసైటీ మొదలైంది. మొదటి రోజుల్లో చేరింది ఐదు వేల మందే. ఓల్డ్ మెకానిక్స్‌లోనే చాలామంది వెనకాడారు. తమ పాత నిధి కొత్త కుండలో పోస్తే ఎవడి పాలవుతుందోనని వాళ్ళ అనుమానం. అది తప్పుడు అనుమానమేమీ కాదు. రెండు యూనియన్లు కలిసేచోట జెండా రంగు గురించి కొట్లాట పైకి కనిపిస్తుంది, బ్యాంకు పాస్‌బుక్ గురించి కొట్లాట కనిపించదు. ఆ ఏడాది అక్టోబరుకల్లా సంఖ్య 11 వేలు దాటింది.

షిల్లింగు లెక్క

చందా వారానికి ఒక షిల్లింగు. నిపుణుడైన ఫిట్టర్ వారం కూలి ఆ రోజుల్లో సుమారు 30 షిల్లింగులు. అంటే ముప్పయ్యో వంతు. నెలకు 20 వేలు తెచ్చుకునే మన మిషనిస్టు అదే లెక్కన కడితే నెలకు 670 రూపాయల దాకా అవుతుంది. మన 1926 ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ ప్రకారం, ఆ చట్టం అమల్లో ఉన్నంతకాలం, ఫ్యాక్టరీ కార్మికుడి కనీస చందా ఏడాదికి 12 రూపాయలు ఉండేది. చట్టం చెప్పింది కనీసం మాత్రమే, ఎక్కువ వసూలు చేయొద్దనలేదు. కానీ ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. తర్వాత ఎవరో ఒకరు అంటారు: "అంత కట్టమంటే మనోళ్ళు ఒక్కడు కూడా ఉండడు సార్."

అక్కడే అసలు విషయం. ఆ షిల్లింగుకు ఏమొచ్చేదో చూడాలి. పని పోతే వారానికి 10 షిల్లింగుల భృతి, రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతూ వచ్చేది. జబ్బు చేసినా వారానికి 10 షిల్లింగులే. పని చేయలేనంతగా ప్రమాదం జరిగితే 100 పౌండ్లు (పౌండుకు 20 షిల్లింగులు), అంటే ఏడాదింపావు కూలి దాటి. చనిపోతే 12 పౌండ్లు. ముసలితనంలో, సభ్యత్వ కాలాన్ని బట్టి, వారం వారం పింఛను. ఇఎస్ఐ, పిఎఫ్ లాంటివి కలలో కూడా లేని కాలం. పని చేయలేని ముసలివాడికి, పని దొరకని పడుచువాడికి దిక్కు పేదల వర్క్‌హౌస్ ఒక్కటే.

నిరుద్యోగ భృతి దయాదాక్షిణ్యం కింద ఇచ్చింది అనుకోవద్దు. ఆకలితో ఉన్న ఫిట్టర్ తక్కువ కూలికి ఒప్పుకుంటాడు. వాడు ఒప్పుకున్న రేటే మర్నాటి నుంచి షాపంతటికీ రేటవుతుంది. పది షిల్లింగులిచ్చి వాణ్ణి ఇంట్లో కూర్చోబెడితే యూనియన్ రేటు నిలుస్తుంది. సమ్మె చేయకుండానే రేటు కాపాడే పద్ధతి ఇది. దీని అందం ఏమిటంటే, యజమానికి లాకౌట్ చేయడానికి ఎవడూ కనిపించడు.

ఇంకో ఏర్పాటు ఉంది, కోశాధికారులు శ్రద్ధగా వినాల్సింది. డబ్బు లండన్‌లో ఒకే పెట్టెలో ఉండేది కాదు. ఏ బ్రాంచి వసూళ్ళు ఆ బ్రాంచి దగ్గరే. జబ్బు, నిరుద్యోగం లాంటివి రూల్ పుస్తకం ప్రకారం బ్రాంచే చెల్లించేది. కానీ ఏడాది చివర అన్ని బ్రాంచిల నిల్వలనూ సభ్యుల సంఖ్యను బట్టి సమం చేసేవారు. ఒక ఊళ్ళో ఫ్యాక్టరీలు మూతపడి నిధి అడుగంటితే, పనులు బాగున్న ఊరి బ్రాంచి నుంచి అక్కడికి డబ్బు వెళ్ళేది. సమ్మె భృతి ఒక్కటి మాత్రం బ్రాంచి చేతిలో లేదు. దానికి లండన్ కార్యవర్గం అనుమతి ఉండాల్సిందే. బావిలో నీళ్ళు అందరూ తోడుకోవచ్చు, మోటారు స్విచ్చి మాత్రం ఒకరి దగ్గరే ఉన్నట్టు. దీనివల్ల ఏదో ఒక ఊళ్ళో ఆవేశంగా మొదలైన గొడవ మొత్తం నిధిని మింగేయకుండా ఆగింది. అదే స్విచ్చి ఇరవై ఏళ్ళ తర్వాత ఎలా అడ్డం తిరిగిందో కూడా చూద్దాం.

1852 జనవరి 10

గొడవ ఓల్డ్‌హామ్‌లో రాజుకుంది. హిబర్ట్ అండ్ ప్లాట్ అక్కడి పెద్ద యంత్రాల కంపెనీ. ప్లేనింగ్, బోరింగ్ లాంటి పనులు తమంతట తాము చేసుకుపోయే యంత్రాలు వచ్చాయి. ఏళ్ళ తరబడి పని నేర్చుకున్న మెకానిక్ స్థానంలో ఒక కూలీని నిలబెడితే చాలు. సొసైటీ సభ్యులు ఆ యంత్రాల మీదనుంచి కూలీలను తీసేసి మెకానిక్‌లను పెట్టాలన్నారు. దీనికి తోడు, లండన్ కార్యవర్గం 1851 నవంబరులో ఒక సర్క్యులర్ పంపింది: డిసెంబరు 31 తర్వాత పద్ధతిగా సాగే ఓవర్‌టైమ్, పీస్ వర్క్ (ముక్కకింతని కూలి ఇచ్చే పని) సభ్యులు చేయరు, బ్రేక్‌డౌన్ లాంటి అవసరమొచ్చి ఓవర్‌టైమ్ చేస్తే డబుల్ రేటు.

యజమానులు డిసెంబరులోనే తమ సంఘం పెట్టుకున్నారు. కార్మికులు ఓవర్‌టైమ్ ఆపిన కొద్ది రోజులకే, 1852 జనవరి 10న, లండన్, లాంకషైర్ వర్క్‌షాపుల గేట్లు మూతపడ్డాయి. పనికి తిరిగి రావాలంటే యూనియన్ వదిలేశానని, మళ్ళీ చేరనని ఒక పత్రం మీద సంతకం చేయాలి. కార్మికుల నోట అది 'డాక్యుమెంట్'గా మిగిలిపోయింది.

వీధిన పడ్డవాళ్ళలో సొసైటీ సభ్యులకంటే సభ్యులు కాని కూలీలే చాలా ఎక్కువ. వాళ్ళకు ఈ గొడవలో వచ్చేదేమీ లేదు, పైగా గొడవలో సగం వాళ్ళకు వ్యతిరేకంగానే. కేసులో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే చోటు ఇదే. షాపు మూస్తే ఆకలి సభ్యత్వం చూసి రాదు.

బయటి సాయం బాగానే వచ్చింది. క్రిస్టియన్ సోషలిస్టులని పేరున్న పెద్దింటివాళ్ళు కొందరు, థామస్ హ్యూస్, లడ్లో, వాన్‌సిటార్ట్ నీల్ లాంటివాళ్ళు, పత్రికల్లో రాశారు, ఉపన్యాసాలిచ్చారు. లార్డ్ గోడెరిచ్ 500 పౌండ్లు ఇచ్చాడు. నీల్ సదర్క్‌లో అట్లాస్ ఐరన్ వర్క్స్ కొని కార్మికుల సహకార వర్క్‌షాపుగా నడపబోయాడు, అది నిలబడలేదు. అదే ఏడాది ఫ్రాన్సెస్ వాకర్ అనే ఓడలో ఆస్ట్రేలియాకు వలసపోతున్న సొసైటీ సభ్యులు సముద్రం మీదనే బ్రాంచి పెట్టుకుని సిడ్నీలో దిగారు. ఈ ముక్క చెప్పినప్పుడు క్లాసులో గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన వెల్డర్లు నవ్వుతారు.

ఏప్రిల్‌కల్లా నిధి కరిగిపోయింది. జనం పనికి తిరిగి వెళ్ళారు. చాలామంది డాక్యుమెంటు మీద సంతకం పెట్టారు. పెట్టి, సాయంత్రం బ్రాంచి మీటింగుకు వెళ్ళి షిల్లింగు కట్టారు. మెడ మీద కత్తి పెట్టి చేయించిన సంతకానికి విలువ లేదన్నది వాళ్ళ వాదన. నీతి సంగతి ఎవరికి తోచినట్టు వారు తేల్చుకోవచ్చు. లెక్కల మనిషిగా నాకు కనిపించేది వేరు. పాతికేళ్ళుగా కష్టసుఖాల చందా కట్టినవాడు యూనియన్ వదిలితే సమ్మె హక్కు ఒక్కటే పోదు. ముసలితనపు పింఛను పోతుంది, పెళ్ళాం పిల్లలకు వచ్చే 12 పౌండ్లు పోతాయి. యజమాని కాగితం వాడి నోరు మూయించగలిగింది కానీ వాడు దాచుకున్న సొమ్మును వదిలించలేకపోయింది. ఆ ఏడాది పోయిన సభ్యులు రెండు వేలకు అటూ ఇటూ. ఒక్క సమ్మె నిధి మాత్రమే నడిపే సంఘమై ఉంటే ఆ ఏప్రిల్‌తోనే కథ ముగిసేది.

అలన్ కుర్చీ

ఆ తర్వాతి ఇరవై ఏళ్ళు అలన్‌వి. 1874లో చనిపోయేదాకా ప్రధాన కార్యదర్శి ఆయనే. 1859లో లండన్ బిల్డింగ్ కార్మికులను ఇదే డాక్యుమెంటుతో లాకౌట్ చేస్తే, సొసైటీ వరసగా మూడు వారాలు వారానికి వెయ్యేసి పౌండ్లు పంపింది. వెనక ఇంత డబ్బుందా అని దేశం నోరెళ్ళబెట్టింది. యజమానులకు అసలు దెబ్బ ఆ చెక్కులే.

ఆ డబ్బుకు చట్టంలో రక్షణ లేదని 1867లో తేలింది. హార్న్‌బీ వర్సెస్ క్లోజ్ కేసు. బాయిలర్ మేకర్ల యూనియన్ బ్రాడ్‌ఫర్డ్ బ్రాంచి కోశాధికారి 24 పౌండ్లు తినేశాడు. యూనియన్ వ్యాపారాన్ని అడ్డుకునే సంఘం కాబట్టి ఫ్రెండ్లీ సొసైటీల (కష్టసుఖాల సంఘాల) చట్టం కింద రక్షణ అడగడానికి వీల్లేదని కోర్టు చెప్పేసింది. అంటే అలన్ దగ్గరున్న లక్షకు పైగా పౌండ్లు కూడా ఎవడైనా ఎత్తుకుపోతే ఆ దారిన పోయినట్టే. అదే ఏడాది, యూనియన్ల మీద విచారణకు వేసిన రాయల్ కమిషన్ ముందు అలన్ సాక్ష్యం చెప్పాడు. అప్పటికి 33 వేలకు పైగా సభ్యులు. సమ్మెలు ఇటు కార్మికులకూ అటు యజమానులకూ డబ్బు దండగే అన్నాడు. బీమా లెక్కల నిపుణులొచ్చి, ఇన్ని పింఛన్లు హామీ ఇచ్చిన ఈ నిధి ఏదో ఒకనాటికి దివాలా తీస్తుందని లెక్కగట్టారు. యూనియన్ బీమా కంపెనీ కాదు, నిధి తగ్గితే సభ్యుల మీద అదనపు లెవీ వేసుకునే హక్కు దానికుంది అన్నది యూనియన్ల వైపు నుంచి వచ్చిన జవాబు. నిపుణులు వేసిన లెక్కల్లో సభ్యుడి మనసు అనే అంకె లేదు. 1871 చట్టంతో యూనియన్ నిధికి రక్షణ వచ్చింది.

మన దగ్గర ఇదే మలుపు యాభై ఏళ్ళ తర్వాత మద్రాసులో వచ్చింది. 1918లో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టిన బి.పి. వాడియా మీద 1920లో బకింగ్‌హామ్ కర్ణాటిక్ మిల్లుల వాళ్ళు హైకోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చారు. ఆ దెబ్బతో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి యూనియన్లకు చట్టరక్షణ కోరుతూ కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు, చివరికి 1926 చట్టం వచ్చింది. ఆ చట్టం 15వ సెక్షన్లో యూనియన్ జనరల్ ఫండ్ దేనికి ఖర్చు పెట్టవచ్చో జాబితా ఉండేది: మరణం, ముసలితనం, జబ్బు, ప్రమాదం, నిరుద్యోగం. అలన్ రూల్ పుస్తకంలోని ఖాతాలే అవి. మన యూనియన్లలో ఆ ఖాతాలు తెరిచినవి చాలా తక్కువ.

మోటారు స్విచ్చి

నిధి పెరిగేకొద్దీ దాన్ని కదపాలంటే భయం కూడా పెరుగుతుంది. 1871లో ఈశాన్య ఇంగ్లండులో తొమ్మిది గంటల పనిదినం కోసం ఉద్యమం లేచింది. సండర్‌లాండ్ కార్మికులు ముందు గెలిచారు. న్యూకాజిల్‌లో ఐదు నెలలు సాగింది. నడిపింది సొసైటీ కాదు, అప్పటికప్పుడు పెట్టుకున్న నైన్ అవర్స్ లీగ్. నాయకుడు జాన్ బర్నెట్. సమ్మె చేసినవాళ్ళలో యూనియన్ సభ్యులు పదో వంతు మాత్రమే. లండన్ కార్యవర్గం నసిగింది, ఆలస్యంగా సాయం చేసింది. యజమానులు బెల్జియం, జర్మనీల నుంచి మనుషుల్ని దింపితే, మార్క్స్ ఉన్న ఇంటర్నేషనల్ (అంతర్జాతీయ కార్మిక సంఘం) వాళ్ళు వెనక్కి పంపేందుకు పనిచేశారు. అక్టోబరులో వారానికి 54 గంటలకు యజమానులు దిగొచ్చారు.

యూనియన్ బయట నిలబడి గెలిచిన బర్నెట్‌నే, అలన్ పోయాక, 1875లో సభ్యులు ప్రధాన కార్యదర్శి చేసుకున్నారు. సభ్యుల తెలివికి ఇదొక్కటి చాలు.

అడ్డుగోడ

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన ప్రశ్న. షిల్లింగు ఎవరు కట్టగలరు? 30 షిల్లింగుల కూలివాడు కట్టగలడు. 15 షిల్లింగుల కూలీ కట్టలేడు. పైగా రూల్స్ ప్రకారం వాడికి ప్రవేశం లేదు. పని నేర్చి, ప్రామాణిక రేటు తెచ్చుకునేవాడికే సభ్యత్వం. అంటే సొసైటీని 1852లో బతికించిన లెక్కే కూలీని గేటు బయట నిలబెట్టింది. యజమాని మాత్రం అదే కూలీని లోపలికి పిలిచి యంత్రం దగ్గర నిలబెట్టాడు. 1852 లాకౌట్ తర్వాత యంత్రాలు ఆగలేదు. తన ఫ్యాక్టరీలో తనంతట పనిచేసే యంత్రాల దగ్గర కుర్రాళ్ళను పెట్టి మెకానిక్‌ల సంఖ్యను భారీగా తగ్గించానని యంత్రాల తయారీ యజమాని జేమ్స్ నాస్మిత్ ఆ రాయల్ కమిషన్ ముందే గర్వంగా చెప్పుకున్నాడు.

1897 జులైలో ఎనిమిది గంటల కోసం లండన్‌లో మొదలైన గొడవ దేశమంతటి లాకౌట్ అయింది. ఈసారి ఎదురుగా ఉన్నది 1896లో పుట్టిన ఎంప్లాయర్స్ ఫెడరేషన్. 1898 జనవరిలో సొసైటీ లొంగిపోయింది. ఒప్పందంలో యజమాని తన యంత్రం మీద ఎవరిని పెట్టుకుంటాడో అది తన ఇష్టమని రాయించుకున్నాడు. ఓల్డ్‌హామ్‌లో మొదలైన ప్రశ్నకు నలభై ఆరేళ్ళ తర్వాత వచ్చిన జవాబు అదే జవాబు. నిధి ఈసారీ సొసైటీని బతికించింది. కానీ యంత్రం మీద నిలబడ్డవాణ్ణి సభ్యుడిగా చేసుకోనంత కాలం, యంత్రం గురించి మాట్లాడే హక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది?

తలుపు తెరుచుకోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1920లో మరికొన్ని సంఘాలు కలిసి అమాల్గమేటెడ్ ఇంజనీరింగ్ యూనియన్ అయ్యాయి. 1926లో నైపుణ్యంతో నిమిత్తం లేకుండా మగ కార్మికులందరికీ వేరే సెక్షన్ తెరిచారు, తక్కువ చందా, తక్కువ ప్రయోజనాలతో. యుద్ధ కాలంలో మిషన్ షాపులు ఆడవాళ్ళతో నిండిపోయాక, 1943 జనవరిలో వాళ్ళనూ చేర్చుకున్నారు.

ఈ కేసును మా దగ్గర వాడుకునేది ఇలా. ఇక్కడి షాపుల్లో కంప్యూటర్‌తో నడిచే సిఎన్‌సి మిషన్ మీద ఇప్పుడు నిలబడేది చాలాచోట్ల కాంట్రాక్టు కుర్రాడు, లేకపోతే అప్రెంటిస్ పేరుతో తీసుకున్న ఐటిఐ పిల్లాడు. పర్మనెంట్ వాళ్ళు ఎక్కువగా యాభైకి దగ్గరపడ్డవాళ్ళు. యూనియన్ రిజిస్టరులో పేర్లన్నీ వాళ్ళవే. చందా పెంచుదామంటే కాంట్రాక్టువాళ్ళు రారు. చందా తగ్గించి అందర్నీ తీసుకుందామంటే, ఏళ్ళుగా కట్టినవాళ్ళు మా సొమ్ము నిన్న వచ్చినవాడికా అంటారు. 1851లో ఓల్డ్ మెకానిక్స్ అడిగిందీ అదే.

అందుకని ఒక కమిటీతో రెండు ఖాతాల ముసాయిదా రాయించాను. జనరల్ చందా అందరికీ ఒకటే, చిన్నది. ఓటు అందరికీ సమానం. కష్టసుఖాల నిధి వేరు, ఇష్టమున్నవాళ్ళే, మూడు అంతస్తుల చందాతో, ఎంత కడితే అంత ప్రయోజనం. కాంట్రాక్టు మారి షాపు వదిలిన కుర్రాడు మరో షాపులో చేరితే, ఈ నిధిలో వాడి లెక్క వాడితోనే వెళ్ళేట్టు, రెండు షాపుల యూనియన్ల మధ్య ఏడాదికోసారి సమం చేసుకునే క్లాజు ఒకటి ఉంది. మొదటి రెండు క్లాజులకు అందరూ చేతులెత్తారు. సమం చేసుకునే క్లాజు దగ్గర రెండు యూనియన్ల కోశాధికారులూ ఆగిపోయారు. పాస్‌బుక్‌లు ముందు మీరు చూపించండంటే మీరు చూపించండని.